లీటరులో రోడ్డు వాటా ఎంత?

ప్రశ్న: పెట్రోలు కొట్టించినప్పుడల్లా రోడ్డు సెస్సు కడుతున్నాం కదా, మా వీధి గుంత మూడు వానాకాలాలుగా అలాగే ఉంది. ఆ డబ్బు ఎటు పోతోంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ వీధి ఆ సెస్సు పంపకంలో లేదండీ. రోడ్ల అభివృద్ధిపై వేసిన జయకర్ కమిటీ సిఫారసుతో 1929లో గాలన్ పెట్రోలుకు రెండణాలు అదనంగా వేసి రోడ్డు నిధి పెట్టారు. 1998లో పెట్రోలుపై, మరుసటేడు డీజిలుపై లీటరుకు రూపాయి సెస్సు వచ్చింది. 2000 నాటి చట్టం డీజిలు సెస్సులో సగం పల్లె రోడ్లకిచ్చి, మిగతాది జాతీయ రహదారులకు, రాష్ట్ర రోడ్లకు, రైల్వే గేట్ల దగ్గరి వంతెనలకు పంచింది.

అసలు మెలిక 2018 బడ్జెట్‌లో ఉంది. లీటరుకు 6 రూపాయల అదనపు సుంకం తీసేశారు, మూల ఎక్సైజు (కేంద్రం వేసే ప్రధాన ఉత్పత్తి సుంకం) 2 రూపాయలు తగ్గించారు, 8 రూపాయల రోడ్డు, మౌలిక వసతుల సెస్సు వేశారు. బంకులో ధర మారలేదు. కానీ మూల ఎక్సైజులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సెస్సులో ఉండదు. అప్పటి 42 శాతం వాటా లెక్కన లీటరుకు 84 పైసలు రాష్ట్రాల చేయి జారాయి. ఇది అన్యాయమనే మా అభిప్రాయం.

2025 ఏప్రిల్ పెంపుతో పెట్రోలుపై కేంద్ర సుంకం లీటరుకు 21.90 రూపాయలైంది: మూల ఎక్సైజు 1.40, ప్రత్యేక అదనపు ఎక్సైజు 13, వ్యవసాయ సెస్సు 2.50, రోడ్డు సెస్సు 5. అంటే అప్పుడు రోడ్డు పేరుతో తీసుకున్నది నాలుగో వంతు కూడా కాదు. ఆపైన కర్ణాటక అమ్మకం పన్ను 2024 జూన్ నుంచి 29.84 శాతం. ఈ శాతాన్ని కేంద్ర సుంకం కలిసిన ధర మీద లెక్కిస్తారు. కేంద్రం రూపాయి పెంచి, అది ధరలోకి వస్తే, రాష్ట్రానికి అడక్కుండానే మరో 30 పైసలు. అదీ ఖజానాలోకే, రోడ్డుకని విడిగా ఉంచరు.

మీ వీధి బాధ్యత నగరపాలికది. సెస్సు ఏమైందని సమాచార హక్కు కింద అడిగితే దరఖాస్తు ఆఫీసులు తిరుగుతుంది తప్ప గుంత పూడదు. ఆ రోడ్డుకు చివరిసారి తారు ఎప్పుడు వేశారు, కాంట్రాక్టరు ఎవరు, లోపాలు సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా అని అడగండి. గడువులో ఉంటే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో పూడ్చాలి. ఫీజు 10 రూపాయలు. కర్ణాటకలో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. ఫొటోతో పాటు దగ్గరి కరెంటు స్తంభం నంబరు రాయండి, లేకపోతే ‘స్థలం దొరకలేదు’ అని మూసేస్తారు.

ప్రశ్న: చిత్తూరు వెళ్తుంటే రాష్ట్ర సరిహద్దులోని నంగలి దాటగానే పెట్రోలు ఎందుకు ప్రియం?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: ఆంధ్రలో వ్యాట్ (రాష్ట్ర అమ్మకం పన్ను) 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు. 2020 సెప్టెంబరు నుంచి రోడ్డు అభివృద్ధి సెస్సు ఇంకో రూపాయి. ట్యాంకు కర్ణాటక వైపున్న ముళబాగిలులోనే నింపుకోండి.