పాత కారు ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే టెంపరేచర్ ముల్లు దిగిపోతుంటే తప్పు ఎక్కడ?

ముల్లు ఆగి ఉన్నప్పుడే ఎక్కి, బండి స్పీడ్ అందుకోగానే దిగిపోతుంటే చాలావరకు తప్పు రేడియేటర్ ఫ్యాన్ దగ్గరే ఉంటుంది.

ఎందుకంటే బండి పరిగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు, అదే సిగ్నల్ దగ్గర ఆగితే ఆ గాలి ఉండదు కాబట్టి భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. దీనికి రివర్స్‌లో, హైవే మీద లాగుతున్నప్పుడే వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయిందేమో, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిందేమో, వాటర్ పంప్ దాన్ని సరిగ్గా తిప్పడం లేదేమో చూడాలి.

ఉదాహరణకి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండిని ఐడిల్‌లో ఉంచారు, ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగలేదు అనుకోండి, అప్పుడు ఏసీ ఆన్ చేయండి, చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ కూడా తిరగాలి. తిరిగితే మోటార్ బాగానే ఉన్నట్టు, అనుమానం వేడిని కనిపెట్టే సెన్సర్ లేదా దాని వైరింగ్ మీదకి పోతుంది. అప్పుడూ తిరక్కపోతే ముందు ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంట్ వదిలే స్విచ్) చూసి తర్వాత మోటార్ (కొత్త మోటార్ కొనేశాక ఫ్యూజు పోయిందని తెలిస్తే ఒళ్లు మండుద్ది).

చాలామంది పొరబడేది థర్మోస్టాట్ విషయంలో, పాత బండికి అది తీసిపడేస్తే ఇక వేడెక్కదు అనుకుంటారు. అది సుమారు 82 నుంచి 90 డిగ్రీల దగ్గర తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్ అంతే, తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పట్టి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, తిరగని ఫ్యాన్ మాత్రం తిరగకుండా అలాగే ఉంటుంది.