కుటుంబంతో క్రూజ్‌కి వెళ్తే ఎలాంటి గదులు తీసుకోవాలి?

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురు విశాఖలో ఓడెక్కుతున్నాం, ఏ గదులు మంచివని అడిగారు.

ముందు చూడాల్సింది కిటికీ కాదండీ, గది ఓడలో ఎక్కడుందన్నది. తూగుడుబల్ల మీద చివర కూర్చున్నవాళ్లు ఎగిరినంతగా మధ్యలో ఉన్నవాళ్లు ఎగరరు. ఓడా అంతే. నడిమధ్య, కింది అంతస్తుల్లో కుదుపు బాగా తక్కువ. జూన్, జూలైల్లో బంగాళాఖాతం అలజడిగా ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం.

నలుగురు పట్టే గది అంటే సాధారణంగా రెండు పడకలు కింద, రెండు గోడలోంచో పైకప్పులోంచో దించేవి. నిచ్చెనెక్కడం పిల్లలకు సరదా, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి నరకం. అందుకే రెండు గదులు తీసుకోండి, లిఫ్ట్‌కి దగ్గరలో. పక్కపక్క గదులన్నింటికీ మధ్యలో తలుపు ఉండదు, 'కనెక్టింగ్' కావాలని స్పష్టంగా అడగండి. గది నంబరు తర్వాత ఇస్తామనే చవక టికెట్ వద్దు, గదులు చెరో మూలా పడొచ్చు.

డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, మీ గది పైన ఏముందో చూడండి. స్విమ్మింగ్ పూల్ కింద గదైతే తెల్లారగానే కుర్చీలు ఈడ్చే చప్పుడు.

బాల్కనీకి ఒక్క గదికే డబ్బు సరిపోతే అది పెద్దవాళ్లకే ఇవ్వండి. ఓడ కదిలాక విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లగా వెనక్కి జరుగుతుంటే కూర్చుని చూస్తారు.