మా తాత హాజరు వేయించుకున్న చరిత్రను మా పాప చదవాలా?

ప్రశ్న: మాది గుంతకల్లు. యెరుకల వాళ్ళం. బుట్టలు, చేటలు అమ్మే అంగడి ఉంది. మా పాప ఇంటర్ సీఈసీ పాసయింది. బీకాం కంప్యూటర్స్‌లో చేరమంటే వినడం లేదు, మన వాళ్ళ చరిత్రే చదువుతానంటోంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మా తాత రాత్రయితే పోలీస్ స్టేషనుకు పోయి హాజరు వేయించుకునేవాడని మా అమ్మ చెబుతుంది. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి. ‘దొంగ’ అనే ఆ మాట మరుగున పడాలనే కదా పిల్లలను చదివించింది. మళ్ళీ దాన్నే తవ్వుకుంటే ఏమొస్తుంది? ఉద్యోగమైనా వస్తుందా?

జవాబు: ఉద్యోగం వస్తుంది. అయితే బీఏ హిస్టరీ పట్టా చూసి ఎవరూ పిలిచి ఇవ్వరు. పాత సర్కారు కాగితాలు చదవడం, పెద్దల నోటిమాటను తప్పు లేకుండా రాసిపెట్టడం, ఈ రెంటినీ చట్టం ముందు నిలబెట్టడం: ఈ మూడు పనులూ చేతికొచ్చిన వాళ్ళకే వస్తుంది. ఇంట్లో మీ యెరుకల మాట, కుర్రు భాష వింటూ పెరిగిన పిల్లకు రెండో పని సగం వచ్చేసినట్టే. బయటి నుంచి వచ్చే పరిశోధకులు ఆ సగం కోసమే ఏళ్ళు ఖర్చు పెడతారు.

మీ మనసులోని బరువు సంగతి ముందు మాట్లాడాలి. మీ తాతగారు ఏదో తప్పు చేసి స్టేషనుకు పోలేదు. యెరుకల వాళ్ళలో చాలామందికి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రతీరం నుంచి ఈ సీమ ఊళ్ళకు తిరగడమే బతుకుదెరువు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధికారం వచ్చింది. 1871కల్లా మీ గుంతకల్లు మీదుగా మద్రాసు–రాయచూరు రైలు మార్గం పూర్తయి, గాడిద మోసే సరుకు గూడ్సు బండి ఎక్కింది. 1876–78 కరువు మిగిలినదాన్నీ ఊడ్చేసింది. ఒక ఊళ్ళో నిలవకుండా తిరిగేవాళ్ళను అనుమానించే చట్టం, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అదే 1871లో ముందు ఉత్తరాదిన వచ్చింది. 1911లో దాన్ని తిరగరాశాక మన మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది.

దాని పనితీరు మీ పాప తప్పక తెలుసుకోవాలి. సర్కారు ఒక గుంపు పేరు పెట్టి నోటిఫికేషన్ ఇస్తుంది. ఆ గుంపువాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు కావాలి, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. నేరం రుజువు చేయాల్సిన పనే లేదు, ఆ గుంపులో పుడితే చాలు. ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదని కూడా చట్టంలోనే రాసుకున్నారు. కొన్ని కుటుంబాలను సెటిల్‌మెంట్లకు, అంటే నిఘా ఉండే కాలనీలకు తరలించారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన స్టువర్టుపురం, అప్పటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురం అలాంటివే. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ దాని చోట అలవాటు నేరస్థుల పేరుతో వేరే చట్టాలు వచ్చాయి, పోలీసు మాన్యువళ్ళలో పాత రాతలు అలాగే ఉండిపోయాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్నిబట్టి పనులు పంచడాన్ని కొట్టేసినప్పుడు, విముక్త జాతులను, అంటే ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ జాతులను, పుట్టుకతో నేరస్థులుగా చూసే జైలు నిబంధనలనూ తప్పుపట్టింది. ఆ తీర్పులో ఈ 1871 చట్టం చరిత్రకు పేజీలకు పేజీలు ఇచ్చారు. ఎవరో కూర్చుని ఆ పాత కాగితాలు చదివి రాసిపెట్టి ఉండకపోతే న్యాయమూర్తులకు ఆ చరిత్ర చేతికందేది కాదు. మీ పాప చేయాలనుకుంటున్నది ఆ పనే.

ఇక దారి సంగతి. అనంతపురంలోనే బీఏ చేయవచ్చు. హిస్టరీ మేజర్‌గా తీసుకుని, పొలిటికల్ సైన్స్ గానీ సోషియాలజీ గానీ తోడు పెట్టుకుంటే మేలు. పీజీ దగ్గర దారి తిప్పాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) శాఖ ఉంది, ఏపీ పీజీసెట్ రాసి చేరవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఆ సబ్జెక్టు ఉంది. అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం కూడా చూడండి. ఈ కేంద్ర విద్యాసంస్థలకు పీజీ క్యూట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. చట్టం మీద మనసుంటే డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. నా లెక్కలో హిస్టరీ డిగ్రీ మీద ఆంత్రోపాలజీ పీజీ గానీ లా గానీ కలిస్తేనే ఈ చదువుకు బలం. ఒట్టి హిస్టరీ ఎంఏతో ఆగిపోయినవాళ్ళు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసి, లెక్చరర్ నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటమే ఎక్కువ.

పీజీ అయ్యేసరికి 22, 23 ఏళ్ళొస్తాయి. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి మొదటి రెండేళ్ళు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000 ఇస్తారు, ఇంటద్దె అదనం. ఎస్టీ విద్యార్థుల కోసం కేంద్రం ఏటా 750 మందికి విడిగా ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి ఏటా 20 మంది ఎస్టీలకు సాయముంది. సివిల్స్ రాసేవాళ్ళకు ఆంత్రోపాలజీ ఆప్షనల్ 500 మార్కులు. రెండో పేపరంతా భారతదేశానిదే, అందులో గిరిజనుల సమస్యలకు పెద్ద పీట. మైసూరులో ప్రాంతీయ కేంద్రం ఉన్న ఆంత్రొపలాజికల్ సర్వే, విశాఖలోని గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థ, గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు), మ్యూజియంలు, హక్కుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు: ఇవీ పని దొరికే చోట్లు. ఒక్క మాట దాచను. 21 ఏళ్ళకే జీతం ఇంటికి రాకపోతే పూట గడవదనుకుంటే బీకామే ముందు దారి చూపుతుంది. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

పాత కాగితాల పని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, చాలామంది తడబడేది అక్కడే. 1953 దాకా మనం మద్రాసులో ఉన్నాం కాబట్టి అసలు దస్త్రాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ ‘అనంతపురం’ అని వెతికితే 1882కు ముందరిదేదీ దొరకదు. ఆ ఏడాదే బళ్ళారి నుంచి విడదీసి ఈ జిల్లా చేశారు, గుత్తి తాలూకా కాగితాలన్నీ అంతకుముందు బళ్ళారి కిందే. కదిరి అయితే 1910 దాకా కడప జిల్లాలో ఉంది. కులం పేరుతోనూ ఇదే చిక్కు. ఒక గుమాస్తా యెరుకల అని రాస్తే ఇంకొకడు కొరవ అన్నాడు, బళ్ళారి వైపు కొరచ అన్నారు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోదానికి నాలుగైదు రూపాలు. వాటన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని పోవాలి. జీవో అడిగేటప్పుడు నంబరు, తేదీ, శాఖ మూడూ కావాలి. ఏ ఒక్కటి తప్పినా చీటీ తిరిగొస్తుంది. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ఫసలీ 1321 అంటే 1911 జూలై నుంచి 1912 జూన్ వరకు.

ఆ దస్త్రాలు రాసినవాడు దొర గానీ, దొర కింద ఉద్యోగి గానీ. ‘ఈ గుంపు పుట్టు దొంగలు’ అన్న వాక్యం కనిపిస్తే అది యెరుకల గురించి చెప్పే సాక్ష్యం కాదు, రాసినవాడి బుర్ర గురించి చెప్పే సాక్ష్యం. దాని పక్కన మీ అమ్మగారి మాట పెట్టాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టగలగడమే అసలు పనితనం.

ఇది మీ కులానికే పరిమితమైన పని కాదు. నల్లమలలో చెంచుల సంగతి చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవిని రిజర్వు చేసేటప్పుడు ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు గడువు పెట్టి నోటీసు ఇచ్చాడు. ఆ గడువులో అడగని హక్కులు పోయినట్టే లెక్క. ఇప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం ఆ దారి మళ్ళీ తెరిచింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఎస్టీ కుటుంబానికి 4 హెక్టార్ల వరకు, అంటే పదెకరాల దాకా పట్టా రావచ్చు. ఎస్టీలు కానివాళ్ళయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడున్నట్టు చూపాలి. అంటే 1930 దాకా వెనక్కి పోవాలి, బ్రిటిష్ కాలపు కాగితం పనికొచ్చేది అక్కడే. గెజెటీర్లు (సర్కారు అచ్చువేసిన జిల్లా వివరాల పుస్తకాలు), సర్వే సెటిల్‌మెంట్ రిపోర్టులు, అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లు సాక్ష్యంగా చెల్లుతాయని నిబంధనలే చెబుతున్నాయి. పెద్దల వాంగ్మూలం రాసినదీ చెల్లుతుంది, కాకపోతే ఆ పెద్ద క్లెయిమ్ పెట్టినవాడై ఉండకూడదు. చాలా దరఖాస్తులు పడిపోయేది ఈ చిన్న సంగతుల దగ్గరే: ఒకటే సాక్ష్యం జతచేయడం, గ్రామసభలో సగం మంది లేకుండా తీర్మానం రాయడం, తిరస్కరించిన కాగితం చేతికిచ్చాక 60 రోజుల్లో అప్పీలు చేయకపోవడం. అడవిని తీసుకున్నప్పటి కాగితాన్నే వెతికి తెచ్చి అడవివాళ్ళ పక్షాన పెట్టగల మనుషులు ఈ సీమలో ఇంకా చాలామంది కావాలి.

చేరకముందు ఒక పరీక్ష పెట్టండి. ఈ సెలవుల్లో 1905 నాటి అనంతపురం జిల్లా గెజెటీర్‌లో జనం గురించిన అధ్యాయాన్ని ఇంగ్లీషులోనే చదవమనండి, స్కాన్ కాపీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజుకు రెండు పేజీలు చాలు. పదో రోజుకు ఇంకా చదవాలనిపిస్తే ఈ చదువు ఆమెకు సరిపడుతుంది. విసుగొస్తే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది. ఇంగ్లీషు తడబడితే భయపడొద్దు, మూడేళ్ళలో సరిదిద్దుకునేదే అది.

కాగితాలు ఇప్పుడే సిద్ధం చేయండి. ఎస్టీ ధ్రువపత్రంలో, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉండాలి. ఒక అక్షరం తేడాకు స్కాలర్‌షిప్పులు నెలల తరబడి ఆగిపోతాయి. ఆదాయ ధ్రువపత్రం కొత్తది తీసుకోండి.

ఇంకొక పని మీది. మీ అమ్మగారి మాటలు రికార్డు చేయించండి. పొద్దున పూట, ఆమె ఓపికగా ఉన్నప్పుడు, ఒకసారికి అరగంటకు మించకుండా. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, మొదట్లో తేదీ, ఊరు చెప్పాలి, ఇది ఎవరెవరు వినవచ్చో ఆమెనే అడిగి ఆ జవాబు కూడా రికార్డు చేయాలి. హాజరు గురించి మొదటి రోజే అడగొద్దు. ఉప్పు గాడిదల గురించి, సోది చెప్పడం గురించి, ఈత బరికెలతో బుట్ట అల్లడం గురించి అడగండి, మిగతాది ఆమెకు తోచినప్పుడు చెబుతుంది. కుర్రులో చెప్పిన మాటను కుర్రులోనే తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం రాయాలి. గంట రికార్డును రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అదే రోజు మొదలుపెట్టాలి. స్టేషను రిజిస్టరులో ఎప్పుడైనా మీ తాతగారి పేరు, వేలిముద్ర దొరికితే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. ముందు మీ ఇంట్లో అందరూ కూర్చుని చూడండి. అది ఎవరికి చూపించాలో మీ అమ్మగారు చెప్పాలి.