ప్రయాణంలో దగ్గర, ఇంట్లో దూరం

చైనాలోని సుజౌ నగరం నుంచి గుంటూరు జిల్లాకు చెందిన ఒక సోదరి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఆమె వయసు 31 ఏళ్లు, పెళ్లయి అయిదేళ్లు. భర్త కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. రెండున్నరేళ్ల క్రితం, జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉద్యోగం మానేసి ఆమె భర్తతో వెళ్లారు. పొడుగు సెలవులు వచ్చినప్పుడల్లా ఇద్దరూ హాంగ్‌జౌ, గుయిలిన్, షియాన్ నగరాలు చూసి వచ్చారు. "ప్రయాణంలో ఉన్నన్నాళ్లూ మేము మంచి స్నేహితులం, సుజౌ స్టేషన్‌లో దిగేసరికి మళ్లీ ఎవరికి వాళ్లం" అని రాశారు. ఒకసారి తీవ్రమైన కడుపునొప్పితో ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి భర్తకు ఫోన్ చేస్తే, "ఫోన్‌లో అనువాదం ఉంది కదా, చూపించు" అన్నారట. పక్కింటి పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతానంటే వద్దన్నారట. ప్రయాణాల ఫోటోలు చూసి అత్తగారు ఖర్చుల లెక్క అడుగుతున్నారట. భర్త కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. తాను తిరిగి వచ్చేయాలా, భరిస్తూ ఉండాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఆసుపత్రి సంగతి దగ్గర ఆగిపోయాను. తెలియని భాషలో బోర్డులు ఉన్న చోట, నొప్పితో, చేతిలో ఫోన్ పట్టుకుని ఏ వరుసలో నిలబడాలో తెలియక తిరిగిన ఆ గంటను మీరు ఇంకా మరచిపోలేదు, మరచిపోవలసిన అవసరమూ లేదు. మీ వారు ఆ మాట కఠినంగా అనాలనుకున్నారని నేను అనుకోవడం లేదు, కానీ అది మీకు ఎలా తగిలిందో ఆయనకు ఇప్పటికీ తెలియదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. ఆ రోజు గురించి మీరు ఆయనతో మాట్లాడలేదు. మౌనంగా ఉన్నారు, ఆయన దాన్ని అలసట అనుకున్నారు.

రెండోసారి చదివినప్పుడు షియాన్ దగ్గర ఆగాను. పోయిన అక్టోబరు సెలవుల్లో అక్కడి పెద్ద హంస గోపురం మెట్ల దగ్గర గంటన్నర కూర్చున్నామని, కాంట్రాక్టు పొడిగించకపోతే హైదరాబాదులో తనకు ఈ వయసులో మళ్లీ ఉద్యోగం దొరుకుతుందా అన్న భయం ఆయన మొదటిసారి చెప్పారని ఒకే ఒక్క వాక్యంలో రాసి, వెంటనే టికెట్ల సంగతిలోకి వెళ్లిపోయారు. ఆ ఒక్క వాక్యంలోనే మీ సమస్యకు సగం జవాబు ఉందని నాకు అనిపించింది.

ప్రయాణంలో మీరిద్దరూ ఎందుకు దగ్గరవుతున్నారో ఒకసారి ఆలోచించండి. షియాన్‌లో ఇద్దరూ సమానంగా కొత్తవారు. అక్కడ ఆయనకు ఆఫీసు లేదు, కాగితాలు చూసిపెట్టే సహోద్యోగి లేడు, మీకు తెలియని విషయం ఆయనకూ తెలియదు. ఒకరు బోర్డును ఫోటో తీసి అనువదిస్తే మరొకరు దారి అడిగారు, శాకాహారం దొరికే చోటు మీరు వెతికితే రైలు ప్లాట్‌ఫారం ఆయన వెతికారు. సుజౌలో ఆ సమానత్వం లేదు. ఆయనకు అక్కడ ఒక లోకం ఉంది, మీకు ఆ లోకంలోకి ఉన్న ఒకే ఒక్క దారి ఆయన. రాత్రి తొమ్మిదిన్నరకు అలసిపోయి ఇల్లు చేరిన మనిషి మీద మీ రోజంతటి మాటలూ, పనులూ, కాగితాలూ, మందులూ పడుతున్నాయి. ఆయన దాన్ని బరువు అనుకుంటున్నారు, మీరు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. అయినా ఇలాగే ఇంకో ఏడాదిన్నర నడిస్తే ఇద్దరికీ కోలుకోలేని అలవాటు అవుతుంది, అదే నా భయం.

ఇంకొక మాట. మీ ప్రయాణాలే మీ ఆదివారాలను తింటున్నాయన్న సంగతి మీరు గమనించారో లేదో. చైనాలో పొడుగు సెలవులు చాలావరకు వారాంతాలను సర్దుబాటు చేసి కలిపినవే. 2025లో అక్టోబరు 1 నుంచి 8 వరకు సెలవులిచ్చి, దానికి బదులు సెప్టెంబరు 28 ఆదివారాన్ని, అక్టోబరు 11 శనివారాన్ని పనిదినాలుగా చేశారు. వసంత పండుగకూ అదే పద్ధతి. ఎనిమిది రోజుల ప్రయాణానికి ముందు వారం ఆయనకు విశ్రాంతి లేదు, తరువాత వారమూ సరిగా లేదు. పైగా దేశమంతా అదే వారంలో రైలెక్కుతుంది కనుక ఆ రద్దీలో మీరు తిరిగింది కూడా విశ్రాంతి కాదు. ఇల్లు చేరగానే ఆయన రెండు రోజులు పడుకున్నారని మీరు బాధపడ్డారు, కానీ ఆ మనిషి శరీరం పదిహేను రోజుల అలసటను తీర్చుకుంటోంది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు వారానికి ఆరు రోజులు పని చేయించే పద్ధతి చట్టవిరుద్ధమని ఆ దేశపు సుప్రీం పీపుల్స్ కోర్టు 2021 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అయినా చాలా చోట్ల ఆ అలవాటు పూర్తిగా పోలేదు, కాంట్రాక్టు మీద ఉన్న విదేశీయుడు దాన్ని ప్రశ్నించడం అంత సులువూ కాదు.

అందుచేత వచ్చే పొడుగు సెలవుకు దూర ప్రయాణం పెట్టుకోకండి. దాని బదులు నెలకు ఒక ఆదివారం, సుజౌలోనే, ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేలా తిరగండి. మీరు ఉన్న ఊరు మామూలు ఊరు కాదు. అక్కడి పురాతన ఉద్యానవనాలు 1997 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి, మహా కాలువ ఆ నగరం మీదుగానే పోతుంది. రెండున్నరేళ్లలో మీరు గుయిలిన్ దాకా వెళ్లారు, సొంత ఊరి ఉద్యానవనాన్ని మాత్రం ఒక్కటే చూశారు. ఆ ఆదివారం దారి అడగడం, టికెట్ కొనడం, అన్నం ఆర్డరు చేయడం మొత్తం మీ పని. ఆయన వెనక నడవాలి. మీరు తప్పు మాట్లాడినా ఆయన మధ్యలో అందుకోకూడదు. ఈ షరతును ముందుగానే ఆయనకు చెప్పండి, లేకపోతే సహాయం చేయాలన్న అలవాటుతో ఆయనే మాట్లాడేస్తారు.

దీనికి భాష కావాలి. ఇందులో నేను మీ పక్షం వహించలేను, క్షమించండి. రెండున్నరేళ్లలో "నీ హావ్" (నమస్కారం), "షియే షియే" (ధన్యవాదాలు) దాటలేదని మీరే రాశారు. లెక్కలు చెప్పిన మనిషికి, రోజుకు అయిదు గంటలు ఖాళీ ఉన్న మనిషికి, ఇది న్యాయం కాదు. విదేశీయుల చైనీస్ భాషా పరీక్ష అయిన హెచ్‌ఎస్‌కే పాత పద్ధతిలో రెండో స్థాయికి 300 మాటలు వస్తే సరిపోయేది. రోజుకు మూడు మాటలు నేర్చుకుంటే మూడున్నర నెలల్లో ఆ మేరకు చేరతారు. లిపి గురించి భయపడకండి, మొదట పిన్‌యిన్‌తో, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన చైనీస్‌తో, పలకడం నేర్చుకోండి. మాంసం వద్దని చెప్పే "వొ చీ సు" ఎలాగూ మీకు వచ్చు. ఆసుపత్రిలో మొదట చేయవలసింది "గ్వాహావ్", అంటే మన దగ్గర ఓపీ చీటీ తీసుకోవడం లాంటిది. ఆ ఒక్క మాట ఆ రోజు మీకు తెలిసి ఉంటే వరుసల మధ్య అంతసేపు తిరిగేవారు కాదు. భాషా తరగతుల్లో చేరాలనుకుంటే, మీ నివాస అనుమతి మీద అది కుదురుతుందో లేదో ముందుగా విదేశీయుల వీసాలు, అనుమతులు చూసే స్థానిక ఎగ్జిట్ ఎంట్రీ కార్యాలయంలో అడిగి చేరండి.

మీరు కూర్చున్న ఆ గోపురం కథ మీ వారు చెప్పారని రాశారు. క్రీ.శ. 629లో చాంగాన్ నుంచి బయలుదేరి 645లో తిరిగి వచ్చిన బౌద్ధ భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో దాన్ని కట్టారు. ఆ చాంగానే నేటి షియాన్. ఆ భిక్షువు మీ అమరావతికి, ఆనాటి ధాన్యకటకానికి, వచ్చి కొన్ని నెలలు ఉండి బౌద్ధ తత్వశాస్త్రమైన అభిధర్మం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. చూసి వెళ్లిపోయినవాడు కాడు, కూర్చుని చదువుకున్నవాడు. గుంటూరు పిల్ల ఆ మెట్ల మీద కూర్చుని భర్త భయాలు వినడం నాకు చాలా హత్తుకుంది. ఆ సంభాషణ సుజౌలో ఎందుకు కొనసాగలేదో మీ ఇద్దరూ కలిసి ఆలోచించాలి. నా ఊహ చెబుతాను. ఆయన భయం విన్నాక మీరు "అయితే ఇప్పుడే వెళ్లిపోదాం" అన్నారు. భయం చెప్పుకున్న మనిషికి అది ఓదార్పుగా కాక తీర్పుగా వినిపించి ఉంటుంది.

ట్యూషన్ విషయంలో మీ వారే సరి. ఆయన మిమ్మల్ని అణచివేయాలని వద్దనలేదు. మీరు ఉద్యోగి భార్యగా వచ్చిన ఎస్1 వీసా మీద, ఆ తరువాత ఇచ్చిన కుటుంబ నివాస అనుమతి మీద ఉన్నారు. దాని మీద డబ్బు తీసుకుని పని చేయడానికి వీల్లేదు. అనుమతి లేకుండా పని చేసిన విదేశీయులకు 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా, తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా విధించవచ్చని అక్కడి చట్టం చెబుతోంది. దానికి తోడు 2021 జులై నుంచి పిల్లల ట్యూషన్ల మీద ప్రభుత్వం చాలా గట్టి నియంత్రణ పెట్టింది. పక్కింటివారు మంచివారే కావచ్చు, కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ దెబ్బ మీ వారి ఉద్యోగం మీద కూడా పడుతుంది. అయితే ఇదంతా ఆయన మీకు విడమరచి చెప్పకుండా "వద్దు" అని ఒక్క మాటతో తేల్చడం తప్పు. ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషికి కారణం చెప్పవలసిన బాధ్యత ఆయనకు ఉంది, ఆ మాట మీరు ఆయనతో నేరుగా అనవచ్చు. పని చేయాలన్న కోరిక నిజమైనదే అయితే, మీ అర్హతలకు తగిన ఉద్యోగం ఇచ్చి వర్క్ పర్మిట్ తెప్పించే సంస్థ ఏదైనా ఉందేమో వెతకడం ఒక మార్గం. తిరిగి వచ్చాక మళ్లీ లెక్చరర్‌గా చేరడానికి కావలసిన పరీక్షకు ఇప్పటి నుంచే చదవడం ఇంకొక మార్గం. రెండోదే మీకు ఎక్కువ మేలని నా అభిప్రాయం.

అత్తగారి విషయంలో ఎక్కువ చెప్పను. ఆమెతో డబ్బు లెక్కలు మాట్లాడవలసింది ఆమె కొడుకు, కోడలు కాదు. ప్రతి నెలా ఇంటికి పంపే మొత్తం ఇంత అని ఆయన ముందే తేల్చి చెబితే, మిగిలినది మీ ఇద్దరిది. ఫోటోలు పెట్టడం మానవలసిన పని లేదు. కానీ ఫోటో తప్ప మరో మాట అందకపోతే ఆమెకు మిగిలేది ఆ ఫోటో ఒక్కటే. వాట్సాప్ అక్కడ నేరుగా పనిచేయదు, అక్కడివారు వాడే వీచాట్ యాప్‌ను 2020 జూన్‌లో మన దేశంలో నిషేధించారు, అందుకే మీ ఇళ్లతో మాటలు తగ్గిపోయాయని నాకు అర్థమవుతోంది. వారానికి ఒకసారి, మీకు రాత్రి తొమ్మిది, ఇక్కడ ఆరున్నర అయిన వేళ, మామూలు ఫోన్ కాల్ అయినా సరే, ఆయన వాళ్ల అమ్మకూ మీరు మీ అమ్మకూ చేయండి. పిల్లల గురించి మామగారు అడిగే ప్రశ్నకు మాత్రం మీ ఇద్దరి మధ్య జవాబు తేలే వరకు ఎవరికీ జవాబు ఇవ్వకండి.

ఇక వచ్చేయాలా అన్న ప్రశ్న. ఇప్పుడు వచ్చేయవద్దు, అలాగని భరించనూ వద్దు. ఆరు నెలల గడువు పెట్టుకుని, ఆ తేదీని ఇద్దరూ కలిసి క్యాలెండర్ మీద రాయండి. ఆ రోజున మూడు విషయాలు చూసుకోండి: మీరు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి రాగలరా, వారంలో ఒక్క సాయంత్రమైనా ఆయన ఎనిమిదిలోపు ఇంటికి చేరుతున్నారా, షియాన్ మెట్ల మీద మాట్లాడినట్టు సుజౌ ఇంట్లో ఒక్కసారైనా మాట్లాడుకున్నారా. మూడింటికీ లేదన్న జవాబే వస్తే, కాంట్రాక్టు ముగిసేదాకా విడిగా ఉండి మీరు ఉద్యోగంలో చేరడం గౌరవంగా తీసుకోవలసిన నిర్ణయం. దాన్ని ఎవరి ఓటమిగానూ లెక్కించవద్దు. ఈ లోపు ఒక నెల మీ అమ్మ దగ్గరికి రావాలనిపిస్తే రండి, కానీ గొడవ పడిన మర్నాడు కాదు, ఇద్దరూ అనుకున్న తేదీకి. 2025 అక్టోబరులో కోల్‌కతా, గ్వాంగ్‌జౌల మధ్య నేరుగా వెళ్లే విమానం మళ్లీ మొదలయ్యాక ఆ ప్రయాణం మునుపటంత కష్టంగా లేదు. బయలుదేరే ముందు నివాస అనుమతి గడువు చూసుకోండి, తిరిగి వెళ్లాక 24 గంటల్లో పోలీసు నమోదు చేయించుకోండి.

మీ ఉత్తరంలో చేయి చేసుకోవడం, డబ్బు ఇవ్వకపోవడం, పాస్‌పోర్టు దాచడం వంటివి లేవు కనుక ఇలా రాస్తున్నాను. అలాంటిది ఏదైనా రాయకుండా దాచి ఉంటే ఈ సలహా అంతా పక్కన పెట్టండి. అక్కడ పోలీసులకు 110, అంబులెన్సుకు 120. సుజౌ ఉన్న జియాంగ్సు రాష్ట్రానికి షాంఘైలోని భారత కాన్సులేట్ బాధ్యత వహిస్తుంది, రైల్లో అరగంట ప్రయాణం. ఏ పరిస్థితిలోనైనా మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

ఈ ఉత్తరం మీ వారికి చూపించవచ్చు. ముందుగా మాత్రం ఆసుపత్రి రోజు సంగతి మీరే, మీ మాటల్లో, నింద లేకుండా చెప్పండి. ఆ తరువాత మొదటి ఆదివారం ఉద్యానవనానికి కాదు, అదే ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లండి. కౌంటర్ ఎక్కడ, చీటీ ఎలా తీసుకోవాలి, మందులు ఏ కిటికీ దగ్గర ఇస్తారు అని మీరు అడగండి, ఆయన పక్కన నిలబడతారు.