అడగండి, చెబుతాం: బిల్ వాల్ష్ పాతిక ఎత్తుల కాగితం

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ బిల్ వాల్ష్ (1931–2007) గురించి సీమ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులివి.

ప్రశ్న: మొదటి ఏడాదే 16 మ్యాచుల్లో 14 ఓడిన మనిషిని గొప్ప కోచ్ అని ఎట్లంటారు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ జట్టు, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, వాల్ష్ రాకముందు 1978లోనూ గెలిచింది రెండే. ఆయన చేతికొచ్చిన 1979లో మళ్లీ రెండు, 1980లో ఆరు, 1981లో పదమూడు. 1982 జనవరిలో లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ కొట్టారు. మనుషుల ఎంపికలో ఉంది మర్మం. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 1979 డ్రాఫ్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, జో మోంటానా 82వ వంతు దాకా మిగిలిపోయాడు. చేతిలో బలం చాలదని మిగతావాళ్ల లెక్క. వాల్ష్‌కు అతని పాదాల కదలిక నచ్చింది. 1981లోనైతే వెనక వరస కాపలాకు రోనీ లాట్‌తో కలిపి ముగ్గురు కొత్త కుర్రాళ్లను ఒకేసారి దించాడు. బెడిసికొడితే ఉద్యోగం ఊడే పందెమది. 1985, 1989 జనవరుల్లో ఇంకో రెండు సూపర్ బౌల్స్ గెలిచి, మూడోదాని తర్వాత ఆ జట్టు కోచ్ పదవి వదిలేశాడు.

ప్రశ్న: పొట్టి పాసుల పద్ధతి ఆయనకు ఎట్లా తట్టింది? అందులో కిటుకేమి?
– ఒక డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: బోరులో ఇంచు నీళ్లే వస్తుంటే ఎవరూ వరి నాటరు, డ్రిప్పు పైపులు పరుస్తారు. వాల్ష్ చేసిందీ అదే. 1969లో సిన్సినాటి బెంగాల్స్‌కు గ్రెగ్ కుక్ అనే కుర్రాడు దొరికాడు. బంతిని చాలా దూరం విసిరేవాడు. ఆ ఏడాదే భుజం పాడైంది. 1970లో అతని బదులు వచ్చిన వర్జిల్ కార్టర్‌కు తెలివుంది, గురి ఉంది, దూరం విసిరే చెయ్యి లేదు. అప్పుడక్కడ సహాయ కోచ్‌గా ఉన్న వాల్ష్ ఆటనే ఆ చేతికి తగ్గట్టు కుదించాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాధిస్తే బంతి మన దగ్గరే ఉంటుంది కదా. ఆ పది గజాల కోసం గుంపులోకి దూరడమెందుకు, మైదానం 160 అడుగుల వెడల్పంతా వాడుకుని చిన్న చిన్న పాసులు వేస్తే పోలా? 1971లో కార్టర్ పాసుల్లో 62.2 శాతం చేరాయి, లీగ్‌లో అదే ఎక్కువ. పేరేమో ‘వెస్ట్ కోస్ట్ అఫెన్స్’, పుట్టిందేమో పడమటి తీరానికి ఎంతో దూరంలోని ఒహాయోలో!

కిటుకంతా అడుగుల లెక్క. బంతి అందగానే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి మూడడుగులో, ఐదడుగులో వేస్తాడు. మూడడుగులైతే రిసీవర్ (పాసు అందుకునేవాడు) ఐదారు గజాలు పోయి లోపలికి ఏటవాలుగా తిరుగుతాడు, దాన్నే స్లాంట్ అంటారు. ఐదడుగులైతే పది పన్నెండు గజాల దారి. ఆఖరి అడుగు నేలకు ఆనగానే మొదటివాడిని చూడాలి. వాడి మీద కాపలా ఉంటే పాదాలు సర్దుకుని రెండోవాడిని, తర్వాత మూడోవాడిని. రిసీవర్ తిరిగేలోపే బంతి చెయ్యి దాటాలి. అందుకే అతను ఒక్క గజం ఎక్కువ పోయినా బంతి ఎదుటివాడి పాలవుతుంది. వీపు వెనక పడితే ఆగి అందుకోవాలి, ఆగినవాణ్ని అక్కడే కూలదోస్తారు. రొమ్ముకు అడుగు ముందు పడితే పరుగు తెగదు, ఐదు గజాల పాసే ఇరవై గజాలవుతుంది.

ప్రశ్న: మొదటి పాతిక ఎత్తులు ముందే రాసుకునేవాడట. ఎదుటి జట్టు వేరేగా ఆడితే?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కళ్లు మూసుకుని వరసగా వేసేవాడు కాదు. మూడో ప్రయత్నానికి ఎక్కువ గజాలు మిగిలితే, గోల్ గీత దగ్గరపడితే, వేరే జాబితాలు ఉండేవి. స్టేడియం హోరులో కన్నా నిమ్మళంగా గదిలో కూర్చున్నప్పుడు బుర్ర బాగా పనిచేస్తుందని ఆయన నమ్మకం. ఇంకో లాభం, ఏ అమరికకు ఎదుటివాళ్లు ఎట్లా కదులుతున్నారో ఆ పాతికలోనే తెలిసిపోతుంది.

1982 జనవరి 10న డల్లాస్ కౌబాయ్స్ మీద ఆట చూడండి. 21–27 వెనకబడ్డారు, నిమిషం కూడా లేదు, గోల్‌కు ఆరు గజాలు. వాల్ష్ చెప్పిన ఎత్తు స్ప్రింట్ రైట్ ఆప్షన్. అదే మ్యాచ్‌లో ముందు అదే ఎత్తుతో ఫ్రెడీ సాలొమన్ స్కోరు చేశాడు. ఈసారి సాలొమన్ కాలు జారింది. కుడికి పరుగెత్తుతున్న మోంటానా, వెనక గీత వెంబడి వస్తున్న డ్వైట్ క్లార్క్‌కు తప్ప ఎవరికీ అందనంత ఎత్తున విసిరాడు. 28–27. క్లార్క్ ఆ మూలకు రావడం కూడా ముందే సాధన చేసినదే.

ప్రశ్న: చేత్తో ఆడే ఆటకు ఫుట్‌బాల్ అని పేరేమి?
– ఆదోని

జవాబు: రగ్బీ ఫుట్‌బాల్ నుంచి చీలిన ఆట, పేరు అట్లే మిగిలింది. కాలికీ పని ఉంది: స్తంభాల మధ్య నుంచి తన్నితే 3 పాయింట్లు.

ప్రశ్న: మా బడి పిల్లోళ్లకు ఇది నేర్పేకి అవుతుందా? హెల్మెట్లు కొనే స్తోమత లేదు.
– ఒక పీఈటీ, గుత్తి

జవాబు: ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పండి సార్. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో పెట్టింది అదే. జట్టుకు ఐదుగురు, ఒకరినొకరు పడదోసుకోవడం ఉండదు, నడుముకున్న గుడ్డ పీలిక లాగితే ఆట ఆగుతుంది. మైదానం పొడవు 45.7 మీటర్లు, వెడల్పు 22.9, రెండు కొసలా 9 మీటర్ల చొప్పున గోల్ ప్రాంతం. తాడు లాగి సున్నం చల్లితే సరి. పీలిక దాదాపు 38 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు. ముడి మాత్రం వేయొద్దు, లాగేటప్పుడు వేళ్లు బెణుకుతాయి; వెల్క్రో కుట్టించండి. చొక్కా లోపలికి దోపాలి, జేబుల్లేని నిక్కరు వేయాలి, జేబులో వేలు ఇరుక్కుంటే విరుగుతుంది.

మొదటి వారం బంతి ఇవ్వకుండా రోజూ పది నిమిషాలు మూడడుగుల లెక్క వేయించండి. రిసీవర్ తిరిగే చోట, గీత నుంచి నాలుగున్నర మీటర్లకు, సున్నంతో గుర్తు పెట్టండి. గుర్తు దాటి పోయినవాణ్ని వెనక్కి పిలిచి మళ్లీ పరిగెత్తించండి. ఇక కాగితం మీద పాతిక ఎత్తులు రాయకండి, పిల్లలకు ఆరు చాలు. మ్యాచ్‌కు ముందురోజు వాటిని అదే వరసలో రెండుసార్లు ఆడించండి.