27 ఏళ్ళు జైల్లో పెట్టినవాళ్ళ మీద మండేలాకి కోపం రాలేదా?

వచ్చింది. గట్టిగానే వచ్చింది. "అంత మెత్తటి మనిషి ఎలా అయ్యారు, అందరినీ ఒక్కసారిగా ఎలా క్షమించేశారు" అని మీరు అడిగారు, అనుభవం ఉంటే చెప్పమన్నారు. ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో మూడేళ్ళు ఉండకముందు నేనూ ఆయన్ని మెత్తటి మనిషి అనే అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం పోయింది అక్కడి తెల్లవాళ్ళ ప్రభుత్వం ఆయన్ని ఉంచిన జైలు దీవి రాబెన్ ఐలాండ్‌లో.

కేప్‌టౌన్ రేవు నుంచి పడవలో తీసుకెళ్తారు. జైలు చూపించింది ఒకప్పుడు అక్కడే రాజకీయ ఖైదీగా ఉన్న పెద్దాయన. మండేలా గదిని ఊచల బయట నుంచే చూడాలి. నేల మీద పడక, చిన్న బల్ల, మూత ఉన్న బకెట్. మూడడుగులు వేస్తే అవతలి గోడ. 27 ఏళ్ళలో 18 ఏళ్ళు ఆయన గడిపింది ఈ దీవిలోనే. ఫొటోల్లో చాలాసార్లు చూసిందే కాబట్టి అక్కడ నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు.

నన్ను ఆపేసింది ఒక బోర్డు. ఖైదీలకు రోజూ ఇచ్చే తిండి పట్టిక. ఒక వరుస మిశ్రమ జాతివాళ్ళకీ ఆసియావాళ్ళకీ, ఇంకో వరుస నల్లవాళ్ళకి. నల్లవాళ్ళకి చక్కెర తక్కువ, మాంసం తక్కువ. జామ్ దగ్గర మనలాంటి ఆసియావాళ్ళకి ఇంత అని ఉంది, నల్లవాళ్ళకి "లేదు" అని ఉంది. తెల్లవాళ్ళ వరుసే లేదు, ఎందుకంటే వాళ్ళని ఆ దీవికి తేనే తేరు. ప్రభుత్వం మీద విధ్వంసానికి కుట్ర పన్నారని పెట్టిన రివోనియా కేసులో మండేలాతోపాటే యావజ్జీవం పడిన డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లవాడు కాబట్టి ఆయన్ని ప్రిటోరియా జైల్లో ఉంచారు. జైల్లో కూడా రంగు చూసి వేరు చేశారన్నమాట.

ఆ బోర్డు ముందు నాకు తట్టింది ఒకటే. అప్పట్లో నేను అక్కడ ఉండి ఉంటే నాకు జామ్ వచ్చేది.

బట్టల్లోనూ అంతే. అదే కేసులో శిక్ష పడిన అహ్మద్ కత్రాడా భారతీయ కుటుంబంలో పుట్టారు. ఆయన వయసు 34, ఆయనకి ప్యాంటు ఇచ్చారు. మండేలాకి 45, వాల్టర్ సిసులుకి 52. వాళ్ళకి నిక్కర్లు. నల్లవాడు ఎంత పెద్దవాడైనా "బాయ్" అనే పిలిచే దేశం కదా, కుర్రవాళ్ళకి ఇచ్చినట్టే నిక్కరు ఇచ్చారు. మండేలా వెళ్ళిన మొదటి రోజు నుంచే దీని మీద గొడవ పెట్టుకున్నారు. రెండు వారాల తర్వాత ఆయన గదిలో ఒక పాత ఖాకీ ప్యాంటు పడేసి వెళ్ళారు. తొడుక్కునే ముందు ఆయన మిగతావాళ్ళకీ ఇచ్చారా అని వాకబు చేశారు. ఇవ్వలేదని తెలిసి, తీసుకుపొమ్మన్నారు. అందరికీ ప్యాంట్లు రావడానికి మూడేళ్ళు పట్టింది. తిండి అందరికీ ఒకటే చేసింది 1979లో, అంటే వెళ్ళిన పదిహేనేళ్ళకి. అంతకాలం ఆ చక్కెర లెక్క కోసం అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఇది మెత్తటి మనిషి పనేనా చెప్పండి.

అసలు ఆయన్ని అక్కడికి పంపింది మెతకదనమేమీ కాదు. 1960లో షార్ప్‌విల్‌లో నల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవాలనే పాసు చట్టాలకు ఎదురు తిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. శాంతియుతంగా అడిగితే తూటాలే వస్తున్నాయని ఆయన సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వాళ్ళు 1961 చివర్లో సాయుధ దళం కట్టారు, దానికి మొదటి నాయకుడు మండేలాయే. జైల్లో ఉండగా 1968లో తల్లి పోయింది, మరుసటి ఏడాది పెద్దకొడుకు థెంబీ కారు ప్రమాదంలో పోయాడు. రెండు అంత్యక్రియలకీ పంపలేదు. 1985లో అధ్యక్షుడు బోథా, హింస వదిలేస్తానంటే విడుదల చేస్తాం అన్నాడు. ఖైదీ ఒప్పందాలు చేసుకోలేడు, ముందు మా సంస్థ మీద నిషేధం తీసెయ్యండి అని కబురు పంపారు. జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళుండే సోవెటోలో స్టేడియం నిండా ఉన్న జనానికి ఆ జవాబు చదివి వినిపించింది కూతురు జిండ్జీ. చివర్లోనూ పాత ప్యాంటు కథే. ముందు నా తోటివాళ్ళని వదలండి అన్నారు. సిసులు, కత్రాడా 1989 అక్టోబర్‌లో బయటికొచ్చారు, ఆయన 1990 ఫిబ్రవరి 11న.

ఇక క్షమ సంగతి. 1993 ఏప్రిల్‌లో నల్లవాళ్ళు ప్రాణంగా చూసుకునే నాయకుడు క్రిస్ హానీని ఒక తెల్లవాడు ఇంటి ముందే కాల్చి చంపాడు. దేశం తగలబడిపోతుందనే అనుకున్నారు అందరూ. అప్పటికి మండేలా ప్రభుత్వంలో ఏ పదవిలోనూ లేరు, అయినా టీవీలో జనంతో మాట్లాడింది ఆయనే. చంపింది తెల్లవాడే, కానీ కారు నంబరు పోలీసులకు చెప్పి పట్టించిందీ ఒక తెల్ల ఆవిడే అని జనానికి గుర్తు చేశారు. ఏడాదికల్లా, 1994 ఏప్రిల్ 27న, నల్లవాళ్ళు మొదటిసారి దేశానికి ఓటేశారు. కోపాన్ని చంపుకున్న మనిషి కాదు ఆయన. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలిసిన మనిషి. నేను అర్థం చేసుకున్నది ఇంతే.

అందరూ దీనికి ఒప్పుకోరు. సోవెటోలో పుట్టిన మా ఆఫీసు సీనియర్ ఒకావిడ, "మా తరఫున ఆయన క్షమించేశారు, భూములు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి" అనేవారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ 2013 డిసెంబర్‌లో ఆయన పోయిన మర్నాడు ఆవిడ ఆఫీసుకి రాలేదు. తర్వాత వచ్చినప్పుడు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

అనుభవం చెప్పమన్నారు కాబట్టి ఇదీ చెప్తాను. మా ఊళ్ళో నా చిన్నప్పుడు మాకో పాలేరు ఉండేవాడు. ఆయన టీ తాగే సత్తు గ్లాసు ఇంట్లోకి రాదు, పశువుల కొట్టం చూరులో దోపి ఉండేది. ఆయనే కడుక్కుని, పైనుంచి పోస్తే పట్టుకుని తాగేవాడు. మా తాత వయసు. నేను ఏడెనిమిదేళ్ళవాణ్ణి, "ఒరేయ్" అని పిలిచేవాణ్ణి. తప్పని నాకెవరూ చెప్పలేదు. ఆ నిక్కర్ల సంగతి వింటుంటే నాకు ఆ పిలుపే చెవుల్లో వినిపించింది.

దీవి నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం హోటల్ గది నుంచి అమ్మకి ఫోన్ చేశాను. ఆ గ్లాసు గుర్తుందా అని అడిగాను. గుర్తుందంది, "అప్పుడు అందరిళ్ళల్లో అంతే కదరా" అంది. ఆయన అసలు పేరేంటమ్మా అన్నాను. కాసేపు ఆలోచించింది. గుర్తు రావట్లేదు, ఎవరినైనా అడిగి చెప్తాలే అంది.