డబ్బు చిక్కులో పడిన జంట కథతో వచ్చిన స్పానిష్ హాస్యచిత్రం ఏదైనా చెప్పగలరా? నిజంగా నవ్వు వస్తుందా?

నా జవాబు ‘ఎల్ పిసీతో’. ‘చిన్న ఫ్లాటు’ అని దాని అర్థం. రఫాయేల్ అస్కోనా 1957లో ప్రచురించిన తన నవల ఆధారంగా స్క్రిప్టు రచనలో పాలుపంచుకోగా, మార్కో ఫెరేరి, ఇసిదోరో ఫెర్రీ కలిసి దర్శకత్వం వహించిన నలుపు తెలుపు చిత్రమిది. నవ్వు తప్పకుండా వస్తుంది, అయితే నవ్విన మరుక్షణం ఎందుకు నవ్వామా అని కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

రోదోల్ఫో, పెత్రీతా పన్నెండేళ్ళుగా పెళ్ళి కోసం ఎదురుచూస్తుంటారు. వారికి లేనిదల్లా ఇల్లు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అనే మన సామెతలోని రెండు కష్టాలూ ఇక్కడ ఒకదానికొకటి అడ్డుపడతాయన్నమాట. రోదోల్ఫో మాడ్రిడ్‌లో దోన్యా మార్తీనా అనే వృద్ధురాలు అద్దెకున్న ఫ్లాటులో ఒక గది తీసుకుని కాలం గడుపుతుంటాడు. ఆ రోజుల్లో స్పెయిన్‌లో పాత అద్దెలను యజమాని ఇష్టం వచ్చినట్టు పెంచడానికి వీలుండేది కాదు. అద్దెదారు చనిపోతే ఆ హక్కు జీవిత భాగస్వామికి దక్కేది గాని, గదిలో ఉంటున్న మనిషికి దక్కేది కాదు. కాబట్టి రోదోల్ఫో ముందు ఆ ముసలావిడను పెళ్ళాడి, ఆవిడ కన్నుమూశాక అదే ఫ్లాటులో పెత్రీతాతో కాపురం పెట్టాలన్న ఆలోచన పుడుతుంది. తీరా పెళ్ళయ్యాక ఆవిడ అనుకున్నంత త్వరగా పోదు. రోదోల్ఫోగా నటించిన హోసే లూయిస్ లోపెస్ వాస్కెస్ ముఖంలో ఆ నిరీక్షణ, దానితోపాటే ఆవిడ మీద పెరిగే ఆపేక్ష చూసి తీరవలసినవి.

నేను మాడ్రిడ్‌లో చదువుకునే రోజుల్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఒక చలికాలపు ఆదివారం, నేల దాకా దుప్పటి జారవిడిచి కింద హీటరు పెట్టిన గుండ్రటి బల్ల దగ్గర కాళ్ళు కాచుకుంటూ ఇద్దరం ఈ చిత్రాన్ని టీవీలో చూశాము. నేను పెళ్ళి ఘట్టానికి పడిపడి నవ్వుతుంటే ఆవిడ మాత్రం నవ్వలేదు. తాము కొత్త కాపురం ‘దెరేచో ఆ కొసీనా’ ఉన్న ఒక గదిలో, అంటే వంటింటిని వాడుకునే హక్కుతో ఇచ్చిన గదిలో మొదలుపెట్టామని, సాయంత్రం ఒక్క గంటసేపే పొయ్యి తన వంతుకు వచ్చేదని, ఉల్లిపాయలను సైతం లెక్కపెట్టి మంచం కింద దాచుకునేదాన్నని చెప్పింది. అప్పటిదాకా అతిశయోక్తి అనుకున్న కథ నాకు కాస్త వేరుగా కనిపించసాగింది.

ఇది మీకు నచ్చితే అస్కోనా స్క్రిప్టులో చేయి వేసిన, దర్శకుడు బెర్లాంగా తీసిన చిత్రం ‘ఎల్ వెర్దూగో’ (1963) కూడా చూడండి. అందులో ప్రభుత్వ ఫ్లాటు చేజారకుండా ఉండేందుకు అల్లుడు మామగారు చేసే, మరణశిక్షలు అమలుపరిచే తలారి ఉద్యోగానికి ఒప్పుకుంటాడు. చిత్రంగా నాకు రెండింటిలోనూ పాత్రల మీద కోపం రాలేదు.

ఆ రోజు చిత్రం ముగిశాక, మీరు పెత్రీతా అయితే ఆ పెళ్ళికి ఒప్పుకునేవారా అని ఇంటావిడను అడిగాను. ఆవిడ కాలితో హీటరును కొంచెం నావైపు జరిపి, కాసేపు ఆలోచించి అడిగింది: “ఆ ఫ్లాటులో వంటిల్లు ఏపాటిదో నువ్వు సరిగ్గా చూశావా?”